గోడ మీద వేరుశనక్కాయల సంచి

ఆ ఆదివారం పొద్దున హోయిట్ లెడ్‌బెటర్ వేసుకున్న పథకంలో కొత్తదేమీ లేదు. ఎడమ కాలి బూటు ముందు తొడగాలి. పెళ్లికి ముందు నుంచీ పెట్టుకుంటున్న చెమట మరకల టోపీ నెత్తిన పెట్టాలి. పైన్ ఫోర్క్ స్పీడ్‌వేకి వెళ్లి, కూతురి రేసు కారు చుట్టూ తిరిగి, ఆకుపచ్చ గుడ్డ పీలిక గానీ వేరుశనక్కాయ తొక్క గానీ దరిదాపుల్లో లేదని చూసుకోవాలి. ఆ తర్వాతే రేసు.

"టైర్లలో గాలి చూసుకోవా?" అని అడిగింది భార్య మోడీన్, పెనం మీద సాసేజీలు తిరగేస్తూ.

"అది కుర్రాళ్లు చూస్తారు. తొక్కలు మాత్రం నేనే చూడాలి."

"అవున్లే. ఇంజను ఎవడైనా చూస్తాడు, తొక్క చూడ్డానికి చదువు కావాలి."

హోయిట్ టోపీ అందుకున్నాడు. పిల్లి ఎదురొస్తే ఆగిపోయేవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు. కరోలినా కొండల్లో రేసు కార్ల వాళ్లు వేరుశనక్కాయ తొక్క ఎదురొస్తే ఆగిపోతారు. హోయిట్ తండ్రి ఇదే పైన్ ఫోర్క్‌లో కారును గోడకు కొట్టి కాలు విరగ్గొట్టుకున్నాడు. తర్వాత వెతికితే సీటు కింద వేరుశనక్కాయ తొక్క దొరికింది. ఆ రోజు ఆయన కడుపులో అర సీసా నాటు విస్కీ కూడా ఉంది. సీసా మీద ఎవరూ నేరం మోపలేదు. నోరులేని తొక్క మీద మోపారు. ఆ తీర్పే కొడుక్కి ఆస్తిగా వచ్చింది.

ఇవాళ మాత్రం హోయిట్ భయానికి కారణం ఉంది. కూతురు రెయ్నా సీటు పోయేలా ఉంది. కారుకు పెట్టుబడి పెట్టేది గార్లాండ్ అప్‌చర్చ్ అనే ఊరగాయల కంపెనీ ఆసామి. దోసకాయల్ని పుల్లనీళ్లలో ఊరేసి దేశమంతా అమ్ముతాడు. ఆయన పేరే కారు మూతి మీద ఉంటుంది. ఆయనకు బ్రాంట్లీ అని ఒక మేనల్లుడు. కారెక్కితే రోడ్డు కంటే అద్దంలో తన జుట్టు ఎక్కువ చూసుకునే రకం. శుక్రవారం అప్‌చర్చ్ మెత్తగా చెప్పేశాడు: "మీ అమ్మాయి ఈ ఆదివారం మొదటి పదిమందిలో వస్తే సీటు తనదే. లేదంటే వచ్చే ఏడు మావాడు నడుపుతాడు. మనసులో ఏం పెట్టుకోకండి."

రెయ్నా పదహారో ఏట నుంచి మట్టి ట్రాకుల మీద దుమ్ము తిని పైకొచ్చిన పిల్ల. కారు విరిగితే తనే వెల్డింగ్ చేసుకునేది. కారు నడిపేది పిల్ల, దాన్ని బాగుచేసేది కుర్రాళ్లు, సీటెవరిదో తేల్చేది ఊరగాయ. న్యాయం ఎక్కడైనా ఇంతే.

అసలు అప్‌చర్చ్‌కి కారు ఊరగాయలా ఆకుపచ్చగా ఉండాలని మహా కోరిక. ఆకుపచ్చ కారు అంటే తొక్క కంటే పెద్ద అపశకునం. "టీవీలో ఆకుపచ్చ ఆనదండీ, గడ్డిలో కలిసిపోతుంది" అని హోయిట్ నిలువునా అబద్ధమాడి ఎర్ర రంగు వేయించాడు. ఆ అబద్ధం ఇప్పటిదాకా నిలబడింది.

*

మధ్యాహ్నం పిట్‌లో, అంటే రేసు మధ్యలో కార్లు ఆగి టైర్లు మార్చుకునే చోట, హోయిట్ తొక్కల తనిఖీ ముగించి ఊపిరి పీల్చుకుంటుండగా అప్‌చర్చ్ వచ్చాడు. భుజాన ఒక పెద్ద గోనెసంచి. దాన్ని తీసుకొచ్చి పనిముట్ల పెట్టె మీద ధబీమని పెట్టాడు.

"మా ఆవిడ పంపింది. కుర్రాళ్లకి. రేసయ్యాక విప్పండి, ముందే విప్పితే సరదా పోతుంది" అన్నాడు.

సంచి మూతి పురికొసతో గట్టిగా కుట్టి ఉంది. సంచి మీద, మనిషి తలకాయంత వేరుశనక్కాయ బొమ్మ.

హోయిట్ రెండడుగులు వెనక్కి వేశాడు. "ఎందుకండీ ఇంత శ్రమ" అని మాత్రం అనగలిగాడు.

"శ్రమేముంది! నేను పైన జనం కూర్చునే స్టాండులో మీ ఆవిడ పక్కన కూర్చుంటా. చెవులకి పెట్టుకునే రేడియో కూడా కొన్నాను. మీరూ మీ అమ్మాయీ మాట్లాడుకునే ప్రతి మాటా వింటా!" అని అప్‌చర్చ్ ఉత్సాహంగా వెళ్లిపోయాడు.

డబ్బున్నవాడు పెట్టిన తిట్టునైనా మరిచిపోవచ్చు గానీ, ఇచ్చిన బహుమతిని పారేయలేం. హోయిట్ సంచి వైపు చూశాడు. సంచి కదలకుండా కూర్చుంది. కారును జాకీతో ఒక్క ఊపున లేపే లవాన్ అనే భీముడు అప్పటికే నాలుగు అడుగులు వెనక్కి వేశాడు.

"లవాన్, తీసి లారీలో పెట్టరా."

"మన కారును మోసుకొచ్చే లారీలోనా? మీకేమన్నా మతిపోయిందా?"

"పోనీ చెత్తడబ్బాలో వెయ్యి."

"విసిరితే లోపల తొక్కలు పగుల్తాయి. పగిలితే ఇంకా ఘోరం. మా పెదనాన్న చెప్పాడు."

"మీ పెదనాన్న ఎప్పుడన్నా రేసు గెలిచాడా?"

"లేదు. అందుకే ఆయనకి బాగా తెలుసు."

అంతలో లౌడ్‌స్పీకర్లో పాస్టరు ప్రార్థన మొదలెట్టాడు. అందరూ టోపీలు తీశారు. హోయిట్ ఒక కన్ను మూసి దేవుణ్ణీ, ఒక కన్ను తెరిచి సంచినీ చూశాడు. ఆమెన్ అనగానే లవాన్ ఒక పొడుగాటి కర్ర తెచ్చాడు. దాంతో సంచిని ఎత్తి, పాము చచ్చిందో లేదో తెలియనట్టు దూరంగా పట్టుకుని నడిచి, పిట్ గోడ చివర పెట్టాడు. "ఇప్పుడది మన చోటులో లేదు, గోడ మీదుంది. గోడ ఎవరిదీ కాదు" అన్నాడు.

లవాన్ చెప్పింది నిజమే. అయితే ఆ గోడ చివర పక్కనే ఇంకో కారు జట్టుకు బాసైన డబ్ సైజ్‌మోర్ పిట్ ఉంది.

డబ్‌కీ హోయిట్‌కీ ఇరవయ్యేళ్ల పగ. ఆ పగ దేనికొచ్చిందో ఇద్దరూ మరిచిపోయారు గానీ, పగను మాత్రం జాగ్రత్తగా కాపాడుకుంటున్నారు. ఆ రోజు డబ్ కారు అందరికంటే ముందు వరసలో ఉంది. అతను తిరిగి చూసేసరికి వేరుశనక్కాయ బొమ్మ తన వైపే చూస్తోంది.

"ఒరేయ్ లెడ్‌బెటర్! ఏంట్రా ఇది? నా మీద చేతబడి చేస్తున్నావా?"

"అది నాది కాదు."

"నీది కాకపోతే మీవాడెందుకు కర్రతో మోశాడు?"

"కసరత్తు చేస్తున్నాడు."

డబ్ మనిషి ఒకడు చీపురు తెచ్చి సంచిని ఇవతలికి తోశాడు. లవాన్ కర్రతో అవతలికి తోశాడు. చీపురు. కర్ర. ట్రాకు మీద ముప్ఫయ్యారు కార్లు పచ్చజెండా కోసం గర్జిస్తుంటే, ఇక్కడ నలుగురు గడ్డాల మగవాళ్లు ఒక గోనెసంచితో గోడ మీద బంతాట ఆడారు. సంచిని చేత్తో ముట్టుకున్నవాడు లేడు. మూతి విప్పి లోపలేముందో చూద్దామన్న ఆలోచన ఒక్కడికీ రాలేదు.

*

జెండా ఊపారు. ముప్ఫయ్యారు ఇంజన్లూ ఒక్కసారి అరిచేసరికి గుండె ఎక్కడ కొట్టుకుంటుందో తెలియకుండా పోయింది. అర మైలు గుండ్రం, రెండు వైపులా గిన్నె అంచులా లేచిన మలుపులు. కార్లు ఒకదాని తోకను ఒకటి కరిచినట్టు తిరుగుతున్నాయి. మలుపు మలుపుకీ కాలిన రబ్బరు వాసన జనం మీదికి కొడుతోంది.

స్టాండు పైకప్పు మీద నిలబడి రెయ్నాకి రేడియోలో దారి చెప్పేవాడు మోడీన్ తమ్ముడు కోయ్. కారులో కూర్చున్నవాళ్లకి పక్కకి కనపడదు. పైనున్నవాడి నోరే వాళ్ల కళ్లు.

"లోపల ఖాళీ... ఖాళీ... లోపల ఒకడొస్తున్నాడు, ఉండు... ఇప్పుడు పో!"

కానీ కారు మాట వినడం లేదు. "నాన్నా, వెనక చక్రాలు జారుతున్నాయి. మలుపులో తోక గోడ వైపు పోతోంది" అంది రెయ్నా. రేసు మూడొంతులు అయ్యేసరికి పద్దెనిమిదో స్థానంలో ఉంది. పైన అప్‌చర్చ్ ఫోను తీసి మేనల్లుడితో మాట్లాడుతున్నాడు. హోయిట్ కింద నుంచి అది చూశాడు. చూసి గోడ మీది సంచిని చూశాడు.

"టైర్లు మార్చుదాం, రా" అని పిలిచాడు.

రెయ్నా పిట్‌లోకి దూసుకొచ్చి ఆగింది. లవాన్ జాకీ వేశాడు. నట్లు ఊడదీసే తుపాకులు గీపెట్టాయి. సరిగ్గా అప్పుడే డబ్ ఓపిక నశించింది. తన మనిషి చేతిలో చీపురు లాక్కుని, "నీ దరిద్రం నువ్వే ఉంచుకో!" అని బలమంతా పెట్టి సంచిని ఒక్క దెబ్బ కొట్టి, చీపురు కూడా లెడ్‌బెటర్ పిట్‌లోకి విసిరేశాడు. సంచి గాల్లోకి లేచింది. రెండు పల్టీలు కొట్టింది. పోయి రెయ్నా కారు వెనక అద్దానికీ, తోక మీద నిలువుగా ఉండే రేకుకీ మధ్య, ఉయ్యాల్లో బిడ్డలా పడుకుంది.

జాకీ దిగింది. "పో! పో! పో!" అని అరిచాడు కారు ముందు నిలబడ్డ హోయిట్. అతనికి కారు ముందు భాగమే కనిపిస్తోంది. లవాన్‌కి వెనక భాగం కనిపించింది గానీ, కర్ర కోసం వెతుక్కోవడంలో పడ్డాడు.

కారు పోయింది. తర్వాత రేడియోలో కోయ్ గొంతు.

"బావా, కారు తోక మీద ఏదో మూట ఉంది."

"ఏం మూట?"

"గోనెసంచి. దాని మీద బొమ్మ... ఓరి దేవుడా! బావా, దాని మీద..."

"నోర్ముయ్ కోయ్!"

"నా కారు మీద ఏముంది?" అంది రెయ్నా, గంటకు నూరు మైళ్ల వేగంలో.

"ఏం లేదు తల్లీ. తువ్వాలు."

"తువ్వాలు కాదు, శనక్కాయలు" అన్నాడు కోయ్. వాడికి అబద్ధం ఆడటం చేతకాదు. అందుకే ఇన్నేళ్లయినా పెళ్లి కాలేదు.

హోయిట్ గోడ పట్టుకున్నాడు. కళ్ల ముందు తండ్రి విరిగిన కాలు కనపడింది. ఇప్పుడు పిల్ల బెదురుతుంది, స్టీరింగు తప్పుతుంది, గోడ...

"శనక్కాయలా?" అంది రెయ్నా గొంతు. "ఎన్ని కేజీలుంటాయి? వెనక కాస్త బరువు పడ్డాక చక్రాలు మాట వింటున్నాయి. తియ్యకండి."

హోయిట్‌కి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆ రెండూ చేసే లోపు పైన జెండా మనిషి దుర్భిణి తీసి రెయ్నా కారు వైపు తిప్పాడు. తోక మీద మూటతో తిరిగే కారును ఎవడూ తిరగనివ్వడు. నల్లజెండా చూపి బయటికి పిలుస్తారు. పిలిస్తే పదో స్థానం మాట దేవుడెరుగు. అంతలో వెనక నుంచి డబ్ సైజ్‌మోర్ కారు వచ్చేసింది. అందరికంటే ముందున్న అతని డ్రైవరు, రెయ్నాని ఒక చుట్టు వెనకబెట్టేయడానికి ఆమె తోకకు ముక్కు ఆనించాడు. ఒక్కసారి దాటాడా, కథ అయిపోయినట్టే.

"లోపలికి వస్తున్నాడు! రానివ్వకు! రానివ్వకు!" కోయ్ గొంతు చీలిపోతోంది.

రెండో మలుపు. ఇద్దరూ పక్కపక్కన. డబ్ కారు ముక్కుతో ఒక్కటి తగిలించింది. రెయ్నా కారు ఊగింది, సంచి ఎగిరింది, పురికొస తెగింది.

లోపల నుంచి వేరుశనక్కాయలు రాలేదు. ఆకుపచ్చగా, అరచేతి పొడవున, ఒక్కొక్కటీ ప్లాస్టిక్ కవర్లో, ఊరగాయ దోసకాయలు వచ్చాయి. గాల్లోకి లేచాయి. ఎండలో మెరిశాయి. వెనకొచ్చే కార్ల కింద టపటపా పేలాయి. పుల్లనీళ్లు అద్దాల మీద చిమ్మాయి. వెనకనున్న వాళ్లలో నలుగురు ఐదుగురు జారి, ఒకరికొకరు దారిస్తున్నట్టు మర్యాదగా గుండ్రంగా తిరిగి, పచ్చిక మీదికి పోయారు. మలుపు మలుపంతా వెనిగర్ కంపు. జనం లేచి నిలబడ్డారు. కింది వరసలో ఒక ముసలాయన ఒక దోసకాయను గాల్లోనే పట్టుకుని, కవరు చింపి కొరికాడు.

పసుపు జెండా. అందరూ నెమ్మదిగా, ఉన్నచోట ఉన్నట్టు తిరగాలి. ట్రాకు కడిగేదాకా రేసు లేదు. రెయ్నాని దాటినవాడు లేడు. తోక మీద మూట కూడా లేదు.

ఖాళీ గోనెసంచి మాత్రం ఊరికే పోలేదు. గాల్లో ఒక చుట్టు తిరిగి, డబ్ కారు ముందు జాలీకి అంటుకుపోయింది. ఇంజనుకి గాలి వెళ్లే దారి మూసుకుపోయింది. బొమ్మ బయటికే ఉంది.

డబ్ తన కారును పిట్‌లోకి పిలిచాడు. ముక్కు మీద మనిషి తలకాయంత వేరుశనక్కాయతో, మూతిలోంచి ఆవిరి చిమ్ముకుంటూ వచ్చి ఆగింది. డబ్ మనుషులు ఏడుగురు గోడ దూకారు. దూకినవాళ్లు దూకినట్టే ఆగిపోయారు.

"తీయండ్రా!" అన్నాడు డబ్.

"మీరే తీయండి బాసూ."

"నేను బాసుని. నేనెందుకు తీస్తాను?"

"మీరు కొట్టబట్టే ఎగిరింది. మీదే కర్మ."

"చీపురేదిరా?"

"ఇందాక మీరు లెడ్‌బెటర్ మీదికి విసిరేశారు."

లోపలున్న డ్రైవరు హారను లేక తలుపు బాదుతున్నాడు. ఇంజను ఈల వేసింది, దగ్గింది, తర్వాత పెద్ద నిట్టూర్పు విడిచి చచ్చిపోయింది. చేత్తో లాగితే వచ్చే గోనెగుడ్డ. రేసులో అందరికంటే వేగమైన కారు దాని వెనక కూర్చుని ఉడికిపోయింది.

*

ట్రాకు కడిగారు. మిగిలినవి కొన్ని చుట్లే. డబ్ కారూ, దాని వెనకే వచ్చి జారిపోయిన ముందు స్థానాల వాళ్లూ పోగా రెయ్నా పన్నెండో స్థానంలో ఉంది. పచ్చజెండా.

"ఇప్పుడు వెనక బరువు లేదు, జారుతుంది" అన్నాడు హోయిట్.

"తెలుసు నాన్నా. కడిగినా పైన పుల్లనీళ్ల తడి ఆరలేదు, కింద దారి పొడిగా ఉంది. అందరూ భయపడి పైకి పోవడం లేదు, కిందే ఇరుక్కుంటున్నారు. పైన గోడ పక్కన ఖాళీ ఉంది."

"అక్కడ జారుడు!"

"అక్కడ నన్ను ఆపేవాడు లేడు."

పిల్ల మట్టిలో నేర్చుకున్న విద్య అది. జారే నేల మీద కారును ఆపకుండా, జారనిస్తూనే తిప్పుకోవడం. రెండో మలుపులో గోడకు అంగుళం దూరంలో, కారు తోకను పక్కకి ఊపుతూ, పైదారిన పోయింది. ఒకణ్ణి దాటింది. జనం గొంతులు ఇంజన్ల మీద తేలాయి. కోయ్ దారి చెప్పడం మానేసి ఊరికే కేకలు పెడుతున్నాడు. చివరి చుట్టు. పదకొండు. మూడో మలుపు. ముందున్నవాడు అడ్డం వచ్చాడు, రెయ్నా ఇంకా పైకి పోయింది, గోడ నిప్పురవ్వలు రాల్చింది. నాలుగో మలుపు. గీత. రెండు కార్ల ముక్కులు ఒక్కసారే.

అందరూ బోర్డు వైపు తిరిగారు. బోర్డు మీద అంకెలు మారాయి.

"పది! పదో స్థానం బావా, పది!"

లవాన్ హోయిట్‌ను జాకీ లేకుండానే ఎత్తేశాడు.

కిందికి దిగేసరికి ఎదురుగా అప్‌చర్చ్ ఉన్నాడు, పక్కన మోడీన్. ఆయన చేతిలో మసిపట్టిన గోనెసంచి. హోయిట్ లవాన్ వెనక్కి జరగబోయాడు. ఇచ్చిన బహుమతిని దేశమంతా చూస్తుండగా ట్రాకు మీద పారబోశారు. పదో స్థానంతో దక్కిన సీటును ఆయన ఇప్పుడు లాక్కుంటాడు.

"హోయిట్ గారూ, ఈ పని ఎవరిది?"

"అది... అయ్యా... మేమనుకున్నది శనక్కాయలని..."

"అదే కదా అద్భుతం!" అప్‌చర్చ్ హోయిట్ చేతిని పంపు కొట్టినట్టు ఊపాడు. "మా కొత్త సరుకది. మా మావగారిది శనక్కాయల పొలం, ఇంట్లో ఆ సంచులే ఉంటాయి, మా ఆవిడ దాంట్లో కుట్టిచ్చింది. పక్కవాళ్లు రేడియోలో వింటారని, మీరు తెలివిగా శనక్కాయలు శనక్కాయలు అంటూ దాచారు చూడండి! ట్రాకు కడిగినంతసేపూ టీవీలో మా ఊరగాయ పేరే. ఆ ముసలాయన కొరికి తినడం మూడుసార్లు చూపించారు! ఇంత ప్రచారం నేను ఇల్లమ్మినా రాదు. అమ్మాయి సీటు అమ్మాయిదే. మావాడు దుకాణంలో కూర్చుంటాడు."

హోయిట్ నోరు తెరిచాడు. మోడీన్ అతని కాలు తొక్కింది. నోరు మూశాడు.

"ఒక్కటే కోరిక" అన్నాడు అప్‌చర్చ్. "టీవీలో ఆకుపచ్చ ఆనదన్నారు. ఇవాళ చూశాను. నిక్షేపంలా ఆనింది. వచ్చే ఏడు కారు ఆకుపచ్చ."

"ఆకుపచ్చైనా నేను నడుపుతా" అంది రెయ్నా హెల్మెట్ తీస్తూ. మొహమంతా మసి, పళ్లు మాత్రం తెల్లగా.

"తల్లీ, నీకు తెలియదు. శకునం..."

"నాన్నా, ప్రతి రేసుకీ ముందు నేను గుప్పెడు శనక్కాయలు తింటాను. అమ్మే వొలిచి ఇస్తుంది. ఏడేళ్లుగా."

హోయిట్ భార్య వైపు తిరిగాడు. "తొక్కలు?"

"నీ టోపీ అస్తరులో దాచేదాన్ని" అంది మోడీన్. "నువ్వు వెతకని చోటు అదొక్కటే."

వసంతంలో కారు చిలకలా ఆకుపచ్చగా బయటికొచ్చింది. హోయిట్ మొదటి రేసు కళ్లు మూసుకుని చూశాడు. రెయ్నా గెలిచింది.

ఆనాటి నుంచి హోయిట్ లెడ్‌బెటర్ తన షెడ్డులోకి ఆకుపచ్చ కాని బండిని రానివ్వడం లేదు.